తెలుగులో 56 అక్షరాలుంటే 56 ధ్వనులు ఉన్నట్టేనా? భాషావేత్తలు ఎలా లెక్కేస్తారు?

లేవు. అక్షరాల లెక్క వేరు, ధ్వనుల లెక్క వేరు. ఈ రెంటినీ కలిపేయబట్టే బళ్ళలో, టీవీ పాటల పోటీల్లో, ఆఖరికి చుట్టాల వాట్సాప్ గ్రూపుల్లో కూడా ఉచ్చారణ మీద ఇంత గోల జరుగుతోంది. నేను భాషాశాస్త్రం చదివి, కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగి జనం మాటలు రికార్డు చేసే పని చేశాను కాబట్టి ఈ విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది.

అక్షరమాలలో ఌ ఉంది. దాన్ని మాటల్లో పలికిన మనిషిని మీరు చూశారా? ఱ ని ర నుంచి విడదీసి పలికే ఇల్లు ఇవాళ ఎక్కడుంది? ఇవి అక్షరం మిగిలి ధ్వని పోయినవి. దీనికి తిరగేసి, ధ్వని ఉండి అక్షరం లేనిది ఒకటుంది. దాన్ని పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ పలుకుతూనే ఉంటాం, ఎవరికీ వినపడదు.

అది నాకు బాగా బోధపడింది బొబ్బిలి దగ్గర ఒక ఊళ్ళో. మేం రికార్డు చేస్తున్నది చదువుకోని ఒక పెద్దావిడని. చదువు రానివాళ్ళని కావాలనే వెతుక్కుంటాం, ఎందుకంటే కాగితం చేతికిస్తే ఎవరైనా బడిలో నేర్పిన గొంతు పెట్టేస్తారు. వస్తువు చూపించి 'ఇదేంటమ్మా' అని అడగాలి, ఒకే మాటని వేరే మాటల మధ్యలో కలిపి మళ్ళీ మళ్ళీ అనిపించాలి, మనం దేనికోసం వింటున్నామో అవతలివాళ్ళకి తెలియకూడదు. ఆవిడ వాకిట్లో మేక కట్టేసి ఉంది, గోడకి మేకు ఉంది, దానికి చేట తగిలించి ఉంది. రెండూ చూపించాం. 'మేక' అన్నప్పుడు నోరు బాగా తెరుచుకుంది, 'మేకు' అన్నప్పుడు పెదాలు పక్కకి సాగాయి అంతే. నేను మేకులో ఉన్న ఏ పెట్టి 'మేక' అని చూపించి ఇలా అనమ్మా అంటే ఆవిడ నా వైపు వింతగా చూసి, "అదేటి బాబూ, అలగంటే అది మేకెలగవుద్ది?" అంది.

మాతో వచ్చిన రిటైరైన తెలుగు మాస్టారు ఒప్పుకోలేదు. "ఏమయ్యా, రెండిటికీ ఏత్వమే కదా, రెండు ధ్వనులు ఎక్కణ్ణుంచి వస్తాయి?" అన్నారు. సాయంత్రం బసకి వచ్చాక లాప్‌టాప్‌లో ప్రాట్ అని, గొంతుని బొమ్మగా చూపించే ప్రోగ్రామ్ తెరిచి ఆ రెండు మాటలూ పక్కపక్కన పెట్టాను. అందులో గొంతు అడ్డంగా సాగిన నల్లటి చారల్లా కనిపిస్తుంది. అచ్చు పలికేటప్పుడు నోరు ఎంత తెరిస్తే అడుగు చార, అంటే మొదటి ఫార్మంట్, అంత పైకి పోతుంది. మేకులో అది 500 హెర్ట్జ్ దగ్గర ఆగింది, మేకలో 700 దాటింది. మాస్టారు తెర వైపు చూస్తూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెండు మాటలూ మెల్లగా అనుకున్నారు. దవడ దిగడం చేతికి తెలిసిపోయింది. ఆ తరవాత మేం ఎవ్వరం అడక్కుండానే ఆయనే పేట, పేరు, నేల, నేడు అంటూ భోజనానికి పిలిచేదాకా వెతుకుతూ కూర్చున్నారు. మీరూ చెయ్యి పెట్టి చూడండి. తరవాతి అక్షరంలో అ ఉంటే ముందున్న ఏ దిగిపోతుంది.

ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక మాట అడుగుతారు: పక్కనున్న అచ్చుని బట్టి మారేదైతే అది ఏ కి ఒక ఛాయ మాత్రమే కదా, వేరే ధ్వని ఎలా అవుతుంది? సరైన ప్రశ్నే. అందుకే ఇప్పుడు 'తిన్నాడు', 'చెప్పాడు' అనండి. రాసేది ఒకే దీర్ఘం, తరవాత వచ్చేది ఒకే డు. కోస్తా వాళ్ళ నోట మొదటిది నిండు ఆ, రెండోది మేకలో వినపడ్డ అచ్చే. పరిసరాలు ఒకటే అయినా ధ్వని మారింది కాబట్టి దాన్ని విడిగా లెక్కపెట్టక తప్పదు. ఉస్మానియాలో 1962లో భాషాశాస్త్ర శాఖని మొదలుపెట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు దీన్ని వేరే అచ్చుగానే లెక్కేశారు. హ్రస్వాలు ఐదు, దీర్ఘాలు ఐదు, ఇదొకటి, మొత్తం 11. మీరు అడిగిన లెక్కలో అచ్చుల వరకూ నా జవాబు ఇదే.

చెప్పాడులో ఈ అచ్చు ఎక్కణ్ణుంచి వచ్చిందీ అంటే, చెప్పినాడు నుంచి. రాయలసీమలో ఆ రూపం ఇప్పటికీ వినపడుతుంది. కోస్తాలో మధ్యలో ఉన్న 'ఇన్' జారిపోయింది, పోతూపోతూ తన రంగు పక్కనున్న ఆ కి అంటించి పోయింది. తెలంగాణలో చెప్పిండు అయింది, అంటే అక్కడ ఆ పోయి ఇ నిలబడింది. మూడూ నియమం ప్రకారం వచ్చినవే, ఏదీ ఇంకోదాని చెడిపోయిన రూపం కాదు. సినిమాల్లో దశాబ్దాల పాటు ఒక యాసని విలన్లకీ, ఇంకో యాసని పనివాళ్ళకీ కట్టబెట్టారే, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ధ్వనికి అక్షరం లేకపోబట్టే విశాఖ, విజయనగరం వైపు కథలు రాసినవాళ్ళు కొందరు 'చెప్పేడు' అని రాశారు, మిగతావాళ్ళు 'చెప్పాడు' అన్నారు. చేశాడా చేసాడా అని ఆన్‌లైన్‌లో కొట్టుకునేవాళ్ళు కూడా దీన్ని వింటే బాగుండును. ఆ స ని శ వైపు లాగేది తరవాత ఉన్న ఈ మేక అచ్చే. ఫోన్లో తెలుగు చదివి వినిపించే గొంతులు ఎందుకు పరాయిగా ఉంటాయో గమనించారా? చాలావాటిలో చెప్పాడుని తిన్నాడులాగే నిండు ఆ తో చదువుతారు.

హల్లుల్లోనూ ఇదే కథ. జామకాయలో జ, జాన్‌లో జ ఒకటి కావు. మొదటిదానికి నాలుక పళ్ళ వెనక్కి వెళ్తుంది, రెండోదానికి ఇంకాస్త వెనకనున్న గట్టి అంగిలికి. దీనికి ౘ, ౙ అని గుర్తులు ఉన్నాయి, యూనికోడ్‌లో చోటు కూడా ఉంది, వాడేవాళ్ళే లేరు. ఇక ఖ, ఘ లాంటి ఒత్తి పలికే హల్లులంటారా, అచ్చతెలుగు మాటల్లో అవి మొదట్నుంచీ లేవు. ఖర్చుని కర్చు అన్న మనిషి తన తాతముత్తాతల ధ్వనులతోనే మాట్లాడుతున్నాడు, అతన్ని నలుగురిలో దిద్దడం మర్యాద కాదు. క కీ ఖ కీ తేడా కొలవడం చాలా తేలిక: పెదవో నాలుకో విడిచిన క్షణానికీ గొంతు మోగడం మొదలైన క్షణానికీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లో చూడాలి. అమెరికా భాషావేత్తలు లిస్కర్, అబ్రామ్‌సన్ 1964లో తమిళం, హిందీ, మరాఠీతో సహా 11 భాషల్లో ఇలా కొలిచారు. ఆ లిస్కరే వాడుక తెలుగు నేర్చుకునేవాళ్ళ కోసం ఒక పాఠ్యపుస్తకం కూడా రాశారు.

ఇదంతా చెవితో లెక్కేస్తారా, మెషీన్‌తోనా అంటారా? ముందు చెవి, తరవాత మెషీన్, ఒక్కోసారి బొగ్గుపొడి కూడా. నూనెలో కలిపిన బొగ్గుపొడి నాలుకకి పూసి మాట అనిపించి, అంగిలి మీద ఎక్కడ అంటిందో నోట్లో అద్దం పెట్టి ఫోటో తీస్తారు. నీలగిరుల్లో తోడా భాష మీద ధ్వనిశాస్త్రవేత్త పీటర్ లేడిఫోగెడ్‌తో కలిసి మన పేరి భాస్కరరావు గారు పనిచేశారు, 1996లో ఆ వ్యాసం వచ్చింది. అక్కడ నాలుక కంపించే ర లే ఆరు రకాలు, అన్నీ విడివిడిగా అర్థాన్ని మార్చేవి. లిపి లేని ఆ భాషలో అన్ని రకాలు దొరికాయంటే, లిపిని నమ్ముకుని మన భాషలో మనం ఎన్ని వదిలేశామో ఆలోచించండి.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ వారమే కూర్చోబెట్టి మాట్లాడించండి. ఫ్యాన్ ఆపండి, చదివించకండి, వంట గురించో పెళ్ళి గురించో అడగండి. ఫైలు ఎంపీ3లో కాకుండా వేవ్‌లో దాచండి. ప్రాట్ ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం వాళ్ళది, ఉచితమే.