తిరుపతిలో నైట్ షెల్టర్లు ఉన్నా జనం ఫుట్‌పాత్ మీదే ఎందుకు పడుకుంటారు?

"షెల్టర్ కట్టినా పోరు, రోడ్డే అలవాటు" అనేస్తారు చాలామంది. కానీ తెల్లవారుజామున నాలుగింటికి రైల్వే స్టేషన్ ఎదురుగా, విష్ణు నివాసం అనే టీటీడీ వసతి గృహం పక్కన ఒకసారి నిలబడి చూడండి, దుప్పటి ముసుగేసుకున్న వాళ్లలో భక్తులెవరో ఇల్లు లేనివాళ్లెవరో చెప్పలేం. రూం దొరక్క ఒక్క రాత్రి పడుకుంటే భక్తి, రోజూ పడుకుంటే న్యూసెన్స్!

రూల్స్‌కేం కొదవ లేదు. నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టరైనా ఉండాలని, అది ఏడాదంతా 24 గంటలూ తెరిచుండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, తర్వాత 2013లో వచ్చిన కేంద్ర పథకమైతే మనిషికి 50 చదరపు అడుగులని కొలత కూడా పెట్టింది.

చిక్కంతా వేరే చోట. కూలికి పిలిచే చోటు దగ్గరుండాలి, మొగుడూ పెళ్లాం పిల్లలూ ఒకచోట ఉండాలి, మూట పోకూడదు. హాల్లో వరసగా మంచాలేస్తే ఇవి తీరవు. వీఐపీలెవరైనా వస్తున్నారంటే ముందురోజు రాత్రి అందర్నీ లేపి పంపేస్తారు, రెండ్రోజులకు అదే మూట మళ్లీ అదే మూలకి.