దుర్గాబాయి గారు మెట్రిక్ రాసింది జైలు నుంచి వచ్చాకే

ఆడపిల్లల చదువు కోసం పాటుపడినవాళ్లలో మిమ్మల్ని నిజంగా కదిలించింది ఎవరు, వాళ్లని చూసి మీరు ఏం చేశారు అని అడిగారు. నాకైతే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. అందుకే గోదావరి జిల్లాల్లో ఆవిడని మా మనిషే అని గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకునే కథ మాత్రం ఎప్పుడూ ఒకటే. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూ గారినే ఆపేశారని. మా బళ్లో ఆగస్టు పదిహేను వస్తే చాలు, ఎవరో ఒకరు ఇదే అప్పజెప్పేవారు. కథ బాగానే ఉంటుంది గానీ, చదువు మానేసి ఇంట్లో కూర్చున్న పిల్లకి దానివల్ల ఒరిగేదేముంది?

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నేను తొమ్మిదిలో ఉండగా అమ్మ ఇంటిపనికి కువైట్ వెళ్లింది. మా వైపు ఇదేం వింత కాదు. అమ్మ గల్ఫ్‌కి వెళ్తే ఆ ఇంటి పెద్దకూతురే తమ్ముళ్లకి అమ్మ. వంట, గిన్నెలు, మధ్యాహ్నం మామ్మ పక్కన కూర్చుని లేసు అల్లడం. ఏజెంటు వచ్చి అల్లినదానికి లెక్కగట్టి ఏవో నాలుగు డబ్బులు చేతిలో పెట్టేవాడు. నన్ను బడి మాన్పించామని ఇంట్లో ఎవరూ అనలేదు. ‘అమ్మ వచ్చాక వెళ్దువుగానిలే’ అన్నారు, అంతే. నాతోటి వాళ్లు టెన్త్ పరీక్షలు రాసేశారు. ఇంక నాకు ఆ వయసు దాటిపోయిందనుకున్నాను.

అప్పుడు మా వీధి అంగన్‌వాడీ టీచర్ గారు దుర్గాబాయి గారి మిగతా కథ చెప్పారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారట. ఉప్పు సత్యాగ్రహంలో మద్రాసులో అరెస్టయి, మదురై జైల్లో ఒంటరి గదిలో గడిపారు. జైల్లో తోటి ఆడవాళ్ల బాధలు విన్నాకే లా చదవాలనుకున్నారు. కానీ చేతిలో మెట్రిక్ (ఇప్పటి టెన్త్ లాంటిది) కూడా లేదు! బయటికొచ్చాక ఇంగ్లిష్ మొదటినుంచి నేర్చుకుని, బెనారస్ హిందూ యూనివర్సిటీ వాళ్లు పెట్టే మెట్రిక్ పాసయ్యారు. బీఏకి ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్తే, ఆడపిల్లలకి హాస్టల్ లేదు, సీటు ఇవ్వలేమన్నారు. ఆవిడేం చేశారో చూడండి. హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే నాకు రాయండని పేపర్లో ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్లని పోగేసి, ఇల్లు చూసుకుని, వాళ్లే హాస్టల్ పెట్టుకున్నారు. నెహ్రూ గారిని ఆపడం కంటే నాకు ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

తను గట్టెక్కి ఊరుకోలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లకి అదే బెనారస్ మెట్రిక్‌కి కోచింగ్ ఇప్పించారు. తర్వాత కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు, 1958లో అలాంటి వాళ్ల కోసమే దేశమంతటా తక్కువ కాలంలో ముగిసే కోర్సులు మొదలయ్యాయి. చిన్నప్పుడు చదవలేకపోయినవాళ్ల గురించి కూడా ప్రభుత్వంలో ఒకరు ఆలోచించారన్నమాట.

ఆ టీచర్ గారే నా చేత ఓపెన్ స్కూల్ టెన్త్‌కి, అంటే రోజూ బడికి వెళ్లకుండానే రాసే టెన్త్‌కి, దరఖాస్తు పెట్టించారు. పాసయ్యాను, ఇంటర్ కూడా అలాగే. ఇప్పుడు మెడికల్ షాపులో బిల్లింగ్ చూస్తున్నాను. ఖాళీ ఉన్నప్పుడు మా చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్లేవాళ్లకి, లేసు అల్లేవాళ్లకి ఫారాలు నింపిపెడుతుంటాను. స్ఫూర్తి అంటే పెద్ద మాటేమో గానీ, నేను చేస్తున్నది ఇదే.

మీ ఊళ్లో చెప్పదలిస్తే ఈ సంగతులు చెప్పండి. ఓపెన్ స్కూల్ టెన్త్‌కి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసు ఎంతైనా ఫర్వాలేదు. సబ్జెక్టులన్నీ ఒకేసారి పాసవ్వక్కర్లేదు. పాసైనవి అలాగే ఉంటాయి, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. టీసీ గానీ రికార్డు షీటు గానీ ఉంటే పని తేలిక, లేకపోయినా పుట్టినతేదీ సర్టిఫికెట్‌తో సెంటర్‌కి వెళ్లి అడగండి. క్లాసులు ఆదివారాలు, సెలవురోజుల్లో ఉంటాయి. లెక్కలంటే అందరికీ టెన్షనే గానీ, నేను చూసినంతలో ఎక్కువమంది మానేసేది ఆదివారం పిల్లల్ని చూసేవాళ్లు లేక. అందుకని ఫారం నింపే ముందు వాళ్ల అత్తగారితోనో అమ్మతోనో ఒకసారి కూర్చుని మాట్లాడండి. నేనైతే అలాగే చేస్తాను. ఒకావిడైతే కోడలికి ఫారం నింపించడానికి వచ్చి, తనకీ ఒకటి ఇమ్మంది.