వేట సామాన్లన్నీ కొన్నాక వేట మీద మోజు తీరిపోతే...

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. ఇప్పుడు టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాను, గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. నా భార్యకు హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఈఏడీ, అంటే పని చేసే అనుమతి, ఉంది. ఇద్దరు పిల్లలు. మూడేళ్ల క్రితం ఆఫీసువాళ్లతో కలిసి జింకల వేటకు వెళ్లి, బాగా నచ్చి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి లైసెన్సు తీసుకున్నాను. అప్పటినుంచి ఒక్కొక్కటే కొంటూ వచ్చాను. రైఫిల్ 900 డాలర్లు, స్కోప్ 700, బైనాక్యులర్స్ 1,100, కాంపౌండ్ బో (విల్లు) సెట్టు 1,400, మాటు వేసి కూర్చునే బ్లైండు, జింకలకు మేత వేసే ఫీడరు కలిపి 1,000, అడవిలో జంతువుల కదలికలు తీసే ట్రెయిల్ కెమెరాలు 600, బట్టలు, బూట్లు 1,500, గన్ సేఫ్ 1,200, పెద్ద ఫ్రీజర్ 500, కూలర్ 350. మొత్తం 9,250. ఇది కాక డీర్ లీజులో (జింకల వేటకు ప్రైవేటు భూమిని కౌలుకు తీసుకోవడం) నా వాటా ఏడాదికి 2,400, సెప్టెంబర్‌లో రెన్యూ చేయాలి. కార్డు మీద ఇంకా 4,800 బాకీ ఉంది, వడ్డీ 24 శాతం, నెలకు 200 కడుతున్నాను. విచిత్రం ఏమిటంటే, కొనాల్సినవన్నీ కొనేశాక వేట మీద ఆసక్తి పోయింది. పోయిన సీజన్‌లో రెండుసార్లే వెళ్లాను. ఇప్పుడు వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీ మొదలుపెడదామనుకుంటున్నాను. కెమెరా, పెద్ద లెన్స్ కలిపి 5,500 అవుతుంది. పాత సామాన్లు అమ్మితే ఆ డబ్బు వస్తుందా? ఫొటోలు అమ్మి ఖర్చు రాబట్టుకోవచ్చా? కెమెరా ఖర్చు టాక్స్‌లో చూపించుకోవచ్చా?

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ జవాబు లేదనే. కానీ మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. డబ్బు కన్నా అదే పెద్దది, దానికి గడువు కూడా దగ్గర పడుతోంది. అందుకే ముందు దాని గురించి.

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతుంది. దీనికి ఉన్న మినహాయింపుల్లో మీలాంటివాళ్లకు పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు. మీరు రైఫిల్ కొన్నప్పుడు దుకాణంలో నింపిన ఫారం 4473లో ఈ సంగతి రాసే ఉంటారు. అంటే మీ రైఫిల్ మీ ఇంట్లో చట్టబద్ధంగా ఉందంటే ఆ చిన్న కాగితం వల్లే. టెక్సాస్‌లో ఏడాది లైసెన్సు మీరు ఏ నెలలో తీసుకున్నా ఆగస్టు 31తో అయిపోతుంది. వేట మానేశాం కదా, ఇక లైసెన్సు దండగ అనుకుని వదిలేస్తే, సెప్టెంబర్ 1 నుంచి సేఫ్‌లో ఉన్న ఆ రైఫిలే నేరం అవుతుంది. ఈ నేరానికి 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్న మనిషికి తుపాకీ కేసు అంటే ఇమిగ్రేషన్ పరంగా ఎంత నష్టమో నేను చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఇంకొకటి ఉంది. ప్రైవేటు స్థలంలో యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి 2019 సెప్టెంబర్ నుంచి టెక్సాస్‌లో లైసెన్సు అవసరం లేదు. ‘పందులకు లైసెన్సే అక్కర్లేదట, మరి నాకెందుకు’ అని మన కుర్రాళ్లు అంటుంటారు. అది రాష్ట్రం పెట్టిన వేట నియమం. తుపాకీ మీ చేతిలో ఉండొచ్చా లేదా అన్నది ఫెడరల్ చట్టం. మొదటిది సడలితే రెండోది సడలదు.

కాబట్టి రైఫిల్ మీ చేతి నుంచి పోయేదాకా లైసెన్సు రెన్యూ చేసుకుంటూనే ఉండండి. టెక్సాస్ నివాసికి మామూలు హంటింగ్ లైసెన్సు 25 డాలర్లు, కొత్త ఏడాదివి ఆగస్టు 15 ప్రాంతంలో అమ్మకానికి వస్తాయి. మీరు పెట్టిన ఖర్చులన్నిటిలో ఇంత గిట్టుబాటైంది ఇంకొకటి లేదు. రైఫిల్‌ను స్నేహితుడికి ఇచ్చేద్దామన్నా, మీ ఆవిడ పేరున పెడదామన్నా వద్దు. ఆమెది కూడా నాన్-ఇమిగ్రెంట్ వీసాయే. హంటింగ్ లైసెన్సు లేనంతకాలం ఆమెకు సేఫ్ కోడ్ తెలియకపోవడమే మంచిది. ఆన్‌లైన్‌లో ప్రకటన ఇచ్చి పార్కింగ్ లాట్‌లో ఎవరికో అమ్మడం టెక్సాస్‌లో స్థానికుల మధ్య చెల్లుతుంది గానీ, కొన్నవాడు ఎవడో, వాడికి అర్హత ఉందో లేదో అన్న టెన్షన్ మీకెందుకు? లైసెన్సు ఉన్న గన్ డీలర్‌కు నేరుగా అమ్మేయండి, తూటాల సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. ధర కాస్త తగ్గుతుంది, పోనివ్వండి. కన్‌సైన్‌మెంట్‌కు ఇస్తే, అంటే డీలర్ దగ్గర పెట్టి అమ్ముడయ్యాక డబ్బు తీసుకుంటే, నాలుగు డాలర్లు ఎక్కువ రావొచ్చు. కానీ అమ్ముడుపోక వెనక్కి తెచ్చుకోవాల్సి వస్తే మళ్లీ 4473 నింపాలి, మళ్లీ ఆ లైసెన్సు చూపించాలి. ఈ విషయంలో ఏ అనుమానం ఉన్నా మీ ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. నేను డబ్బు లెక్కలవాడినే.

ఇక డబ్బు సంగతి.

‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అన్న సామెత మీకు తెలిసిందే. మీరు 9,250 పెట్టిన సామాన్లకు 5,500 రావు. బట్టలు, బూట్లు ఎవరూ కొనరు, కొన్నా చిల్లరకే. ట్రెయిల్ కెమెరాలు ఫోన్లలాంటివి, ఏటా కొత్త మోడల్ వచ్చి పాతదాని ధర పడిపోతుంది. బో సెట్టు మీ చేతి పొడవుకు సరిచూసి అమర్చింది, అదే కొలత సరిపోయేవాడు దొరకాలి. రైఫిల్, స్కోప్, బో, బ్లైండు, ఫీడరు, ట్రెయిల్ కెమెరాలు కలిపి మీరు పెట్టింది 4,600. వీటికి 2,200 వస్తే మంచి బేరమే అనుకోండి. రైఫిల్ తప్ప మిగతావి ఇప్పుడే అమ్మకానికి పెట్టండి. నవంబర్ మొదటి శనివారం టెక్సాస్‌లో జింకల జనరల్ సీజన్ మొదలవుతుంది, బాణాల సీజన్ దానికి నెల ముందే. కొనేవాళ్లు సెప్టెంబర్‌లో వెతుకుతారు. జనవరిలో అందరూ అమ్మేవాళ్లే.

నష్టానికి అమ్మారు కాబట్టి ఆ నష్టాన్ని టాక్స్‌లో తగ్గించుకోవచ్చా అంటే, కుదరదు. సొంతానికి వాడుకున్న వస్తువుల మీద నష్టాన్ని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ లెక్కలోకి తీసుకోదు. అలాగని కొన్న ధర కన్నా తక్కువకు అమ్మితే కట్టాల్సిన పన్ను కూడా ఏమీ ఉండదు. బిల్లులు మాత్రం పారేయకండి. ఆన్‌లైన్ సైటు మీకు వచ్చిన అమ్మకాల సొమ్ము చూపే 1099-కె ఫారం పంపిస్తే అవి అక్కరకొస్తాయి.

అమ్మకూడనివి మూడున్నాయి. మొదటిది గన్ సేఫ్. రైఫిల్ పోయాక అందులో మీ ఆవిడ బంగారం, పాస్‌పోర్టులు, ఐ-797 వీసా అప్రూవల్ కాగితాలు పెట్టుకోండి. అమెరికాలో బ్యాంకు లాకర్ దొరకడం కష్టమవుతోంది. పైగా చాలా హోమ్ ఇన్సూరెన్సు పాలసీల్లో నగలు దొంగతనం అయితే 1,500 డాలర్లకు మించి ఇవ్వరు. మన ఇళ్లలో ఒక్క గాజుల జతే ఆ లెక్క దాటుతుంది. మీ పాలసీలో ఎంత రాసి ఉందో ఈ వారమే చూడండి. రెండోది ఫ్రీజర్. జింక మాంసం లేకపోయినా మేక మాంసం, ములక్కాడలు, కొబ్బరి తురుము ఉన్న తెలుగు ఇంట్లో అది ఖాళీగా ఉండదు. మూడోది బైనాక్యులర్స్, దాని సంగతి తర్వాత చెబుతాను.

వచ్చిన 2,200 నేరుగా కార్డుకే పోవాలి, కెమెరాకు కాదు. ఇప్పుడు నెలకు 200 కడుతూ పోతే 4,800 తీరడానికి దాదాపు 33 నెలలు పడుతుంది. డీర్ లీజు రెన్యూ చేయకండి. టెక్సాస్ భూమిలో దాదాపు 95 శాతం ప్రైవేటు చేతుల్లో ఉంది కాబట్టే వేటగాళ్లకు ఈ లీజుల ఖర్చు తప్పదు. మీకు ఇక తప్పుతుంది. ఎప్పుడైనా మళ్లీ మనసు పుడితే రాష్ట్రం 48 డాలర్లకు ఇచ్చే పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఉంది. లీజులో మిగిలే నెలకు 200 కూడా కార్డుకు కలిపితే, మిగతా 2,600 ఏడు నెలల్లో తీరిపోతుంది. ఆ తర్వాత ఆ లీజు డబ్బు 200ను పదేళ్లు ఎక్కడైనా 6 శాతం రాబడి వచ్చేచోట పెడుతూ పోతే సుమారు 32,000 అవుతుంది. ఏటా లీజులో వాటాగా మీరు కట్టేస్తూ వచ్చిన డబ్బే ఇది.

ఇప్పుడు కెమెరా. మీ ఉత్తరంలో అన్నిటికన్నా నిజాయితీగా రాసిన మాట ‘కొనాల్సినవన్నీ కొనేశాక ఆసక్తి పోయింది’ అన్నది. దాన్ని మీరు విచిత్రం అన్నారు. నాకు అలా అనిపించలేదు. మూడేళ్లు మీ హాబీ వేట కాదు, వేట సామాన్లు. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక రివ్యూలు చదవడం, రెండు స్కోపులు పోల్చడం, పెట్టె వచ్చే రోజు కోసం ఎదురుచూడటం. ఆఫీసు పని తర్వాత బుర్రకు అదొక విశ్రాంతి, కాదనను. కొనడానికి ఏమీ మిగలనప్పుడు ఆ హాబీ ముగిసింది. వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రఫీకి మారితే ఆ ఇబ్బంది ఎప్పటికీ రాదు, ఎందుకంటే అందులో కొనాల్సినవి అయిపోవు! బాడీ, లెన్సు, టెలికన్వర్టరు, ట్రైపాడు, దానికి గింబల్ హెడ్డు, తర్వాత ఇంకో బాడీ. జింకల దారిలో నడిచిన మనిషి లెన్సుల దారి పట్టినా ఖర్చు దారి మారదు.

ఫొటోలు అమ్మి రాబట్టుకుందామన్న ఆలోచన ఇక్కడే మానుకోండి. హెచ్-1బీ మీద మీరు పని చేయగలిగింది స్పాన్సర్ చేసిన కంపెనీకే. ఫొటోలు అమ్మినా, డబ్బు వచ్చే యూట్యూబ్ చానల్ నడిపినా అనుమతి లేని పని కిందకే వస్తుంది. మీ ఆవిడకు ఈఏడీ ఉంది కాబట్టి ఆమె వ్యాపారం చేయొచ్చు. కానీ తీసేది మీరు, పేరు ఆమెది అయితే అది నాటకం. టాక్స్ సంగతికొస్తే, లాభం కోసం నడపని హాబీకి పెట్టిన ఖర్చును తగ్గించుకునే వీలు లేదు. 2018 నుంచి ఆపేసిన ఆ మినహాయింపును 2025లో వచ్చిన పన్ను చట్టం శాశ్వతంగా తీసేసింది. అదే హాబీలో డబ్బు వస్తే మాత్రం పన్ను కట్టాల్సిందే.

అలాగని హాబీ మానేసి ఇంట్లో కూర్చోండని అనను. డబ్బు సలహాదారులు కొందరు కాఫీ కూడా మానేయమంటారు, నేను ఆ బాపతు కాదు. మీ 1,100 డాలర్ల బైనాక్యులర్స్ పక్షులు చూసేవాళ్లు అసూయపడే వస్తువు. బూట్లు ఉన్నాయి, ముళ్లకంపలకు చిరగని బట్టలు ఉన్నాయి, తెల్లవారుజామున చడీచప్పుడు లేకుండా గంటలు కూర్చునే ఓపిక వేట మీకు నేర్పింది. పక్షులు చూడటానికి కావాల్సినవి దాదాపు ఇవే. కూతను బట్టి పిట్టను గుర్తుపట్టే మెర్లిన్ యాప్, చూసినవి రాసుకునే ఈబర్డ్, రెండూ కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లవి, రెండూ ఉచితం. మీకు ఉత్తరంగా లేక్ టెక్సోమా ఒడ్డున హేగర్‌మన్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ ఉంది, చలికాలంలో అక్కడికి తెల్లటి స్నో గూస్ బాతులు గుంపులుగా దిగుతాయి. ఒక లాంగ్ వీకెండ్ దొరికితే గల్ఫ్ తీరాన అరన్సాస్‌కు వెళ్లండి. 1940లలో ఇరవైకి అటూ ఇటూగా మిగిలిన హూపింగ్ క్రేన్ కొంగలు ఇప్పుడు ఐదు వందలు దాటి, కెనడా నుంచి చలికాలానికి అక్కడికే వస్తాయి. బాతుల వేటగాళ్లు కొనే ఫెడరల్ డక్ స్టాంపు ఒకటి 25 డాలర్లకు కొనుక్కోండి. అది ఉంటే ప్రవేశ రుసుము ఉన్న నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లన్నిటికీ వచ్చే జూన్ నెలాఖరు దాకా అదే టికెట్టు. ఆ స్టాంపు డబ్బులో దాదాపు మొత్తం చిత్తడి నేలలు కొని కాపాడటానికే పోతుంది. వేటగాడిగా మీరు రైఫిల్, తూటాల మీద తెలియకుండా కట్టిన 11 శాతం పన్ను కూడా 1937 నుంచీ వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తోంది. కాబట్టి మూడేళ్ల ఖర్చు మరీ వృథా పోలేదనుకోండి.

ఫొటోలు తీయాలని అంత కోరిక ఉంటే లెన్సు అద్దెకు తీసుకోండి. వారాంతానికి కెమెరాతో సహా అద్దెకిచ్చే దుకాణాలు డాలస్‌లో ఉన్నాయి. కార్డు బాకీ తీరేదాకా అద్దె మాత్రమే. తీరిన తర్వాత కూడా, వరుసగా ఆరు నెలలు నెలకు రెండుసార్లైనా అద్దె లెన్సుతో బయటికి వెళ్లి ఉంటేనే కొనండి. అదీ సెకండ్‌హ్యాండ్‌ది, అదీ నగదుకే. మధ్యలో మోజు తీరిపోతే మీకు పోయేది అద్దె డబ్బే. వెళ్లిన తేదీలు రాసిపెట్టుకోండి, ఎందుకంటే కొనాలనిపించినప్పుడు జ్ఞాపకం మనకు అనుకూలంగానే సాక్ష్యం చెబుతుంది.

హాబీకి నెలకు ఇంత అని ఒక మొత్తం మీరూ మీ ఆవిడా కూర్చుని అనుకోండి. మీ జీతం ఎంతో రాయలేదు కాబట్టి అంకె నేను చెప్పను. ఆమెకు కూడా అంతే మొత్తం ఉండాలి. మూడేళ్లలో ఆమె తన కోసం ఏం కొనుక్కుందో మీ ఉత్తరంలో ఒక్క మాట లేదు.

ఈ డిసెంబర్‌లో ఇండియా వస్తుంటే బైనాక్యులర్స్ సూట్‌కేసులో వేసుకోండి. రైఫిల్ స్కోప్‌ను, రాత్రి వేటకు వాడే థర్మల్ పరికరాలు ఏవైనా ఉంటే వాటిని మాత్రం తేకండి. వాటికి ఎగుమతి అనుమతుల గొడవ ఉంటుంది. మీ గుంటూరు పక్కనే ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలను తీసుకెళ్లండి, ఆటో ఖర్చు తప్ప పెద్దగా ఇంకేమీ కాదు.