వాన పడ్డాక ఊక వేడి ఎందుకు తగ్గుతుంది?

మీ ప్రశ్న ఇది: మహబూబ్‌నగర్ దగ్గర మీ మిల్లులో వానలు మొదలయ్యాక బాయిలర్‌కి ఊక ఎక్కువ పడుతోంది, అయినా స్టీమ్ ప్రెషర్ ఎక్కట్లేదు. అదే ఊక కదా, వేడి ఎటు పోతోంది?

మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులో చాలా ఏళ్లు బాయిలర్ చూసుకున్నాను. తడి ఊక వచ్చిన రోజు ఎంత టెన్షనో నాకు తెలుసు. నీళ్లు ఆవిరి కావడానికే వేడంతా పోతుందని మా దగ్గర కూడా అనేవాళ్లు. లెక్క వేస్తే అది చిన్న భాగమే.

బాగా ఎండిన ఊక కిలో కాలితే సుమారు 3,400 కిలోకేలరీలు వస్తాయి. అదే ఊకలో 30 శాతం తేమ ఉంటే కిలోలో అసలు ఊక 700 గ్రాములే. దాని వేడి 2,380. మిగతా 300 గ్రాముల నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 180 ఖర్చవుతాయి. చివరికి చేతికొచ్చేది 2,200. తగ్గిన 1,200లో వెయ్యికి పైగా పోయింది ఊక బదులు నీళ్లు తూకం వేయించుకున్నందుకే! దీనికి తోడు మంట చల్లబడి సరిగా కాలదు, నల్ల పొగ వస్తుంది. అప్పుడు ఫైర్‌మ్యాన్ గాలి ఎక్కువ పెడతాడు, ఆ గాలి వేడిని చిమ్నీలోకి మోసుకుపోతుంది.

గ్యాస్‌తో పోలిస్తే ఊక వేడి ఎందుకు అంత తక్కువని కూడా అడిగారు. ఎల్పీజీ కిలోకి దాదాపు 11,000 కిలోకేలరీలు ఇస్తుంది. కార్బన్, హైడ్రోజన్ ఆక్సిజన్‌తో కలిసినప్పుడే వేడి పుడుతుంది. గ్యాస్‌లో ఉన్నదంతా ఆ రెండే. ఊకలో ఐదో వంతు దాకా కాలని బూడిద, అదీ ఎక్కువగా సిలికా. మిగిలిన దాంట్లో కూడా ఆక్సిజన్ ముందే కలిసి ఉంటుంది, కాబట్టి కొత్తగా కలిసేది తక్కువ.

ల్యాబ్ రిపోర్టు చూపించి అమ్మేవాళ్లుంటే ఒక్క విషయం అడగండి. ఆ అంకె ఎండబెట్టిన ఊకదా, వచ్చింది వచ్చినట్టు తూచినదా? ల్యాబ్‌లో ఊక వేడి కొలిచే బాంబ్ కెలోరీమీటర్‌లో ఆవిరి మళ్లీ నీరై తన వేడిని తిరిగి ఇచ్చేస్తుంది. మన బాయిలర్‌లో అది చిమ్నీ నుంచి పోతుంది. అందుకే ఆవిరి వేడిని కూడా కలిపి చెప్పే జీసీవీ కాదు, దాన్ని తీసేసి చెప్పే ఎన్‌సీవీ చూడాలి.

లోడు దించే ముందు కుప్ప లోపలి నుంచి 100 గ్రాములు తీసి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి తూచండి. ఎన్ని గ్రాములు తగ్గితే అంత శాతం తేమ. ఆ మేరకు రేటు తగ్గించమని అడగండి.