బానెట్ కింద కాపురం: ఎలుకల మీద పాఠకుల ప్రశ్నలు

వేరుశనగ పీకి, కాయలు వలిచి, చేలు ఖాళీ అయ్యాక అక్కడి ఎలుకలు ఊళ్లోకి దారి పడతాయి. అందుకే చలికాలం మొదలయ్యే సరికి అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి ఈ శీర్షికకు ఎలుకల ఉత్తరాలు ఎక్కువగా వస్తుంటాయి. ఈసారి వచ్చిన వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ఇంటి పక్కన రేకుల కొట్టంలో కారు పెట్టుకుంటాను. అదే కొట్టంలో ఒక పక్క విత్తనానికి దాచిన వేరుశనగ బస్తాలు, ఇంకో పక్క పశువుల కోసం వేరుశనగ కట్టె (కాయలు వలిచాక మిగిలిన ఎండు మొక్కలు) ఉంటాయి. రెండు నెలల్లో రెండుసార్లు ఎలుకలు వైర్లు కొరికేశాయి. కొత్త కార్ల వైర్లలో సోయా కలుపుతారని, ఆ రుచికే వస్తాయని మెకానిక్ అంటున్నాడు. పొగాకు కాడలు కట్టాను, కలరా ఉండలు వేశాను, ప్లగ్గులో పెట్టే శబ్ద యంత్రం కూడా కొన్నాను. ఏదీ పని చేయలేదు. ఏం చేయమంటారు?
(ఉరవకొండ దగ్గరి పల్లె నుంచి ఒక రైతు)

జవాబు: మీ ఉత్తరంలో రెండో వాక్యం చదవగానే రోగం తెలిసిపోయింది. తిండి బస్తాల్లో ఉంది, పరుపు కట్టెలో ఉంది, ఇంజిన్ వేడితో వెచ్చగా ఉండే గది బానెట్ కింద ఉంది. ఇంత సౌకర్యం ఒకే కప్పు కింద దొరికినప్పుడు పొగాకు వాసనకు జడిసి ఏ ఎలుకా కాపురం ఎత్తేయదు.

సోయా సంగతి చాలామంది మెకానిక్‌లు చెబుతారు. కానీ సోయా మాట పుట్టక ముందు కూడా ఎలుకలు వైర్లు కొరికేవి; ఇంటి కరెంటు వైర్లను, ప్లాస్టిక్ బకెట్లను, తలుపు చెక్కలను కొరికేది కూడా ఈ ఎలుకలే. వాటి ముందు పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ఏడాదికి సుమారు 10 సెంటీమీటర్లు పెరిగే ఆ పళ్లను ఏదో ఒకదానిపై అరగదీసుకోకపోతే అవి నోరు మూయలేవు. వైరు మీది తొడుగు పంటికి మెత్తగా, పట్టుకు వీలుగా ఉంటుంది కాబట్టి కొరుకుతాయి. పైగా గూడు కట్టుకునే దారిలో అడ్డం వచ్చిన వైరును తెంపి పక్కన పడేస్తాయి.

కొన్నేళ్ల కిందట మా ఊరి ఇంట్లో నెల రోజులు కదలకుండా ఉన్న కారు స్టార్ట్ కాకపోతే మెకానిక్‌ను పిలిపించాను. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీయగానే బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టు, కొబ్బరి పీచు, మా అవ్వ పాత చీర అంచు ముక్కలు, బానెట్ లోపలి దూది అట్ట చీలికలు కనిపించాయి. వాటి మధ్యలో కళ్లు తెరవని పిల్లలు ఐదు, ఒక్కొక్కటి చిటికెన వేలి కణుపంత, ఎర్రగా మెదులుతున్నాయి. మా ఇంట్లో వేరుశనగ కట్టెకూ కారుకూ మధ్య ఎడం పది అడుగులే. మీ కొట్టంలో అంత ఎడం కూడా ఉండదేమో.

కాబట్టి మొదటి పని బస్తాలను, కట్టెను కారు ఉండే చోటు నుంచి వేరు చేయడం. వేరే గది లేకపోతే బస్తాలను గోడకు ఒక అడుగు ఎడంగా, నేల నుంచి మూడు అడుగుల ఎత్తున్న బల్ల మీద పేర్చి, బల్ల కాళ్లకు రేకును గరాటులా బోర్లించి తొడగండి. ఎలుక కాలు వెంట పైకి పాకినా ఆ గరాటు అంచు దాటలేదు. కట్టెను ఆరుబయట వామి వేసుకోవచ్చు. కొట్టం గోడ అడుగున, రేకుల చివర, నాపరాళ్ల మధ్య సందులను సిమెంటుతో పూడ్చాలి. అర అంగుళం కన్నంలో నుంచి ఎలుక, పెన్సిలు పట్టే సందులో నుంచి చిట్టెలుక దూరిపోగలవు కాబట్టి ఇంత చిన్న కన్నమేం చేస్తుందిలే అని వదిలేయకండి. ఒట్టి సిమెంటును తవ్వేస్తాయి. లోపల ఇనుప పీచు కూరి, పైన సిమెంటు మెత్తితే నిలుస్తుంది.

రెండో పని కారును కడిగించడం. ఎలుక నడిచిన దారి పొడవునా మూత్రం చుక్కలు వదులుతుంది. ఒకటి చచ్చినా, పారిపోయినా ఆ వాసన పట్టుకొని ఇంకొకటి వస్తుంది. మీకు రెండోసారి జరిగింది బహుశా ఇదే. గూడు తీసేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. ఎండిన పెంటికలను చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు చల్లి తడిపి తుడవాలి. ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. ఇంజిన్‌ను సబ్బు నీళ్లతో కడిగే పని మాత్రం, బ్యాటరీ తీసి, కరెంటు భాగాలకు కవరు కట్టడం తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

తెగిన వైర్లను మెలేసి టేపు చుట్టి సరిపెట్టే మెకానిక్‌ల విషయంలో జాగ్రత్త పడాలి. తెగిన చోట టంకం వేయించి, పైన వేడికి బిగుసుకునే తొడుగు వేసి, మొత్తాన్ని ముడతల ప్లాస్టిక్ గొట్టంలో పెట్టించాలి. పెట్రోలు గొట్టం మీద పంటి గాటు కనిపిస్తే అది ఎంత చిన్నదైనా గొట్టం మార్చే వరకు బండి కదపకండి; కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడితే మంట లేస్తుంది.

కలరా ఉండల వాసన ఎలుకను ఆపదు గానీ, ఇంజిన్ వేడికి ఆవిరై ఏసీ దారిన మీ పిల్లల ముక్కులోకి వస్తుంది. వాటిని ఈరోజే తీసి పారేయండి. శబ్ద యంత్రాలకు ఎలుకలు కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి; ఆ శబ్దం బస్తా వెనక్కో గోడ వెనక్కో దాటదు కూడా. పల్లెల్లో రాత్రిపూట బానెట్ ఎత్తి పెట్టి చిన్న బల్బు వేలాడదీసే పద్ధతిని నేను సమర్థిస్తాను, ఎందుకంటే చీకటి, మరుగు పోతే ఆ చోటు ఎలుకకు నచ్చదు. బండిని రోజూ కాసేపు నడిపితే గూడు నిలవదు. బోన్లను గోడ వారన, వెలుతురు లేని చోట పెట్టండి. ఎలుక నడి మధ్య నుంచి నడవదు, గోడను మీసాలతో తాకుతూ పోతుంది. మందు మాత్రం కారు దగ్గర వద్దు. తిన్నది డ్యాష్‌బోర్డు వెనకాల చచ్చిందంటే ఆ కంపు వదిలించుకోవడానికి వైరింగ్ కంటే ఎక్కువ ఖర్చవుతుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లారులో నిలిపిన మా కారు వైర్లను ఎలుకలు కొరికాయి. బాగుచేయడానికి 4,000 రూపాయలు అవుతుందన్నారు. ఇన్సూరెన్స్ వస్తుందా?
(కర్నూలు నుంచి ఒక ఉద్యోగిని)

జవాబు: మీ పాలసీ థర్డ్ పార్టీది (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానిది) మాత్రమే అయితే రాదు. సొంత బండి నష్టాన్ని కూడా భరించే సమగ్ర పాలసీ అయితే ఎలుక కొరికిన నష్టానికి సాధారణంగా క్లెయిమ్ పెట్టుకోవచ్చు, కానీ పాలసీ పత్రంలో మినహాయింపుల భాగాన్ని ఒకసారి చదవండి. అసలు ఆలోచించవలసింది వస్తుందా రాదా అని కాదు, లాభమా నష్టమా అని. 1500 సీసీ లోపు కార్లకు మొదటి 1,000 రూపాయలు మీరే భరించాలి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు అరుగుదల కింద సగం కోస్తారు, అరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ కవరు తీసుకొని ఉంటే తప్ప. ఆపైన, క్లెయిమ్ చేసిన ఏడాది తర్వాత నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. ఈ బోనస్ మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, చివరకు 50 శాతం. మీకు 35 శాతం బోనస్ ఉండి, సొంత నష్టం ప్రీమియం 8,000 రూపాయలు అనుకుంటే, 4,000 పని కోసం 2,800 రూపాయల తగ్గింపు వదులుకున్నట్టే. అందుకే చిన్న పనికి చేతి డబ్బు పెట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. వైరింగ్ కిట్టు మొత్తం మార్చాల్సి వస్తే మాత్రం క్లెయిమ్ పెట్టండి.

పెట్టదలచుకుంటే నష్టం లెక్కగట్టే సర్వేయర్ చూసేదాకా దేన్నీ విప్పించకండి. కొరికిన వైర్లు, పెంటికలు కనిపించేలా ఫొటోలు తీసుకోండి. హెచ్చరిక లైటు వెలుగుతున్నా నడిపి ఇంజిన్ పాడు చేసుకుంటే ఆ నష్టం ఇవ్వబోమని కంపెనీ అనవచ్చు. కంపెనీ అన్యాయంగా తిరస్కరించినా, మీ ఫిర్యాదుకు నెల లోపు జవాబివ్వకపోయినా, ఏడాది లోపు హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తీర్చే అధికారికి) రాసుకోవచ్చు. దానికి రుసుము లేదు.

సెల్లారు మాటకొస్తే, చెత్త డబ్బాలకు మూతలు, మురుగు కాలువ నోటికి ఇనుప జల్లెడ పెట్టించమని సంఘంలో అడగండి. కుక్కలకు వేసిన అన్నం రాత్రంతా అక్కడే ఉండనివ్వకండి.

ప్రశ్న: చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు పైపులను ఎండాకాలమంతా కొరికేస్తున్నాయి. మొన్న స్టార్టర్ డబ్బాలో ఎలుక దూరి చచ్చి, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ కాలిపోయింది. కొందరు గట్టు వెంట కరెంటు తీగ లాగమంటున్నారు.
(పులివెందుల ప్రాంతం నుంచి ఒక రైతు)

జవాబు: చివరి మాటకు ముందు జవాబు చెబుతాను. కరెంటు తీగ లాగవద్దు. దానికి ఎలుక కంటే ముందు నీళ్లు కట్టడానికి వచ్చిన కూలీయో, మీ ఇంటి బిడ్డో బలవుతారు. అది నేరం కూడా.

పైపులు కొరికేది ఎలుకా, ఉడుతా అన్నది తేల్చుకోండి. సాయంత్రం బాగున్న పైపు పొద్దున్నే కారితే ఎలుక, మధ్యాహ్నం తర్వాత కారితే ఉడుత. ఎండాకాలంలో రెండింటికీ దాహమే ప్రధాన కారణం. తోటలో అక్కడక్కడ మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టి, రోజూ నింపే రైతులున్నారు; ఒక కుండ నీళ్లతో పోయేదానికి పైపు బలి ఇవ్వనక్కరలేదు. ఉడుతలకు ఇంతకు మించి ఏమీ చేయవద్దు. పాదుల్లో ఎండు గడ్డి, కలుపు మందంగా ఉంటే దాని కింద ఎలుకలు దాక్కుంటాయి కాబట్టి పైపు వెంట నేల శుభ్రంగా కనిపించాలి.

ఎలుకలకైతే సాయంత్రం తోటలోని బొరియలన్నీ మట్టితో మూసేయండి. పొద్దుటికి తెరుచుకున్నవే ఎలుకలు ఉన్న బొరియలు. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం బ్రోమాడయోలోన్ పొడి కలిపి, 10 నుంచి 15 గ్రాముల పొట్లాలు కట్టి, ఒక్కో బొరియ లోపలికి ఒక్కటి వేసి మూయాలి. ఇది తిన్న ఎలుక కొన్ని రోజుల తర్వాత చస్తుంది కాబట్టి మిగతా వాటికి అనుమానం రాదు. మీరొక్కరే చేస్తే పక్క తోట ఎలుకలు పది రోజుల్లో మీ బొరియల్లో చేరతాయి. రైతు సేవా కేంద్రంలో మాట్లాడి చుట్టుపక్కల వాళ్లంతా ఒకే రోజు చేయండి. టి ఆకారంలో కర్రలు పాతితే రాత్రి గుడ్లగూబ వచ్చి వాలుతుంది. దాన్ని అపశకునమని తరిమేవాళ్లు మన వైపు ఇంకా ఉన్నారు గానీ, కూలి అడగకుండా రాత్రంతా ఎలుకలు పట్టేది అదే.

స్టార్టర్ డబ్బాకు వైర్లు దూరే కన్నమే ఎలుకకూ దారి. ఫీజులు తీసిన తర్వాతే డబ్బా ముట్టుకోండి. వైరు చుట్టూ రబ్బరు బిగింపు పెట్టించి, మిగిలిన కన్నాలకు రేకు కొట్టించండి. తొడుగు కొరికిన వైరు ఇనుప డబ్బాకు తగిలితే డబ్బా అంతా షాక్ కొడుతుంది కాబట్టి ఎర్తింగ్ ఉందో లేదో కూడా చూపించుకోండి.

ప్రశ్న: మా ఆయన ఎలుకల పేస్టును టమాటా ముక్కలకు పూసి వంటింట్లో పెడుతున్నారు. మూడేళ్ల బాబు ఉన్నాడు. నా భయం అర్థం లేనిదా?
(ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి)

జవాబు: మీ భయమే సరైనది, అమ్మా. అంగడిలో దొరికే పేస్టుల్లో కొన్నింటిలో పసుపు భాస్వరం ఉంటుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. తిన్న బిడ్డ మొదటి రోజు మామూలుగా ఆడుకుంటున్నట్టే ఉండి, రెండు మూడు రోజులకు పచ్చకామెర్లతో కూలిపోవచ్చు. జింక్ ఫాస్ఫైడ్ నల్ల పొడికి కూడా విరుగుడు లేదు. బ్రోమాడయోలోన్ అయితే విటమిన్ కె1 పనిచేస్తుంది, కానీ వారాల తరబడి వైద్యం అవసరం కావచ్చు. పేస్టు నోట్లో పెట్టుకున్నాడన్న అనుమానం వచ్చినా, బాబు హుషారుగానే ఉన్నా, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, పాలు పోయకుండా, 108కు ఫోన్ చేసి, ఆ గొట్టాన్నీ అట్టపెట్టెనూ చేత్తో పట్టుకొని ఆసుపత్రికి వెళ్లండి. ఏ మందో డాక్టరుకు తెలియడమే సగం వైద్యం.

ఇంట్లో ఉన్న పేస్టును గట్టి మూత డబ్బాలో వేసి, పిల్లలకు అందని చోట తాళం పెట్టండి. పూసిన ముక్కలన్నింటినీ లెక్కపెట్టి వెతికి తీయించండి, ఎన్ని పెట్టారో మీ ఆయననే అడగండి. లెక్క తేలకపోతే స్టవ్వు వెనక, ఫ్రిజ్ కింద చూడండి. బదులుగా ఇనుప బోను తెచ్చి, రాత్రి బాబు నిద్రపోయాక ఎండు కొబ్బరి ముక్క తగిలించి, తెల్లవారగానే తీసేయండి. మొదటి రెండు రాత్రులు తలుపు పడకుండా కట్టి, ఊరికే తిననిచ్చి, మూడో రాత్రి కట్టు విప్పితే ఎక్కువగా పడతాయి. కొత్త వస్తువు దగ్గరకు ఎలుక వెంటనే రాదు.