దశరథ గడ్డి మొలవలేదా? విత్తనం మార్చే ముందు ఇది చూడండి

కల్యాణదుర్గం దగ్గర ఎర్రనేల, బోరులో రెండించుల నీళ్లు, రెండు పాడి ఆవులు. చల్లిన దశరథ గడ్డి (హెడ్జ్ లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత) పదో వంతు కూడా మొలవలేదని ఒక రైతు రాశారు. విత్తనం మంచిదే అయ్యుండొచ్చు. ఈ గింజ పొట్టు చాలా గట్టిది, నీళ్లను లోపలికి పోనివ్వదు. వేడినీళ్ల శుద్ధి చేయకుండా చల్లితే జరిగేది ఇదే.

నీళ్లు మరిగించి పొయ్యి మీది నుంచి దించండి. వేడి 80 డిగ్రీలకు దిగాక, గింజలను పల్చటి గుడ్డలో వదులుగా మూటగట్టి 3-4 నిమిషాలు ముంచి తీయండి. పొయ్యి మీద మరుగుతుండగా వేస్తే మొలక చచ్చిపోతుంది. తీసిన వెంటనే చన్నీళ్లలో వేసి రాత్రంతా నాననిచ్చి, పొద్దున నీడలో ఆరబెట్టండి. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే రైజోబియం సూక్ష్మజీవుల పొడి కలిపేది ఆ తర్వాతే. వేడి గింజకు పట్టిస్తే ఆ సూక్ష్మజీవులు బతకవు. ముందుగా 100 గింజలను ఇలాగే శుద్ధి చేసి తడిగుడ్డలో పెట్టి చూడండి. వారానికి సగం కూడా మొలవకపోతే అప్పుడు విత్తనాన్ని అనుమానించండి.

రెండు ఆవులకు 15 సెంట్లు చాలు. ఎకరానికి 8 కిలోల లెక్కన కిలోంబావు విత్తనం పడుతుంది. ఆఖరి దుక్కిలో ఒకటిన్నర టన్నుల పశువుల ఎరువు, 22 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయండి. విత్తనం చల్లొద్దు, 50 సెంటీమీటర్ల ఎడం సాళ్లలో, ఒకటి రెండు సెంటీమీటర్ల లోతునే వేయండి. వెంటనే ఒక తడి, మూడో రోజు ఇంకో తడి ఇవ్వాలి. ఎర్రనేల పైన పెచ్చు కడితే సన్నమొలక దాన్ని చీల్చుకుని రాలేదు.

మొదటి 40 రోజులు ఎదుగుదల నిదానం. తుంగ, గరిక అప్పుడే మింగేస్తాయి, కాబట్టి రెండుసార్లు కలుపు తీయక తప్పదు. తొలికోత 90 రోజులకు, తర్వాత 40 రోజులకోసారి, ప్రతిసారీ మూరెడు ఎత్తు మోడు వదిలి కోయాలి. నేలకు ఆనించి కోసిన మోడు సరిగా చిగురించదు. యూరియా పదేపదే చల్లడం దండగ. ఒక మొక్క పీకి వేరుబుడిపె కోసి చూడండి: లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజని అందుతున్నట్టే.

మేపులో ఇది ఆవుకు రోజూ ఐదు కిలోలు, మిగతాది నేపియర్ గడ్డి, జొన్నచొప్ప. ముందు చొప్ప వేసి తర్వాత దీన్ని వేయండి; ఖాళీ కడుపుతో కొన్ని రకాల పచ్చి పప్పుజాతి మేత ఎక్కువ తింటే కడుపు ఉబ్బుతుంది. చెనిక్కట్టె (వేరుశనగ కట్టె) కూడా పప్పుజాతి మేతే, అది దొడ్డిలో ఉన్న నెలల్లో దశరథ గడ్డి తగ్గించినా పాలు పెద్దగా తగ్గవు.

బోరు ఎండితే గట్ల మీద వర్షాధారంగా స్టైలో అనే పప్పుజాతి మేత వేసుకోండి, దాని గింజకూ ఇదే వేడినీళ్ల పద్ధతి. దశరథ గడ్డిని మాత్రం కాయ ముదరక ముందే కోసేయండి. గింజ రాలితే పక్క మడిలో అదే కలుపవుతుంది.