బురద తుడవండి, మాటలు మాత్రం మోయకండి

ప్రశ్న: నాకు 41 ఏళ్ళు. మాది భీమవరం. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. అత్తయ్యగారు పోయి రెండేళ్ళయింది. ఊళ్ళో ఒంటరిగా ఎందుకని నిరుడు మావయ్యగారిని మా దగ్గరికి తీసుకొచ్చేశాం. ఆయనతోపాటు టైగర్ కూడా వచ్చింది. ఎనిమిదేళ్ళ ఊరకుక్క, అత్తయ్యగారు పెరుగన్నం పెట్టి పెంచారు. మావయ్యగారు రోజూ తెల్లారగట్ల దాన్ని తీసుకుని కాలవగట్టు మీద నడకకి వెళ్తారు. వానలు పడ్డప్పటి నుంచి తిరిగొచ్చేసరికి దానికి పొట్ట దాకా బురద. మా తెల్లటి టైల్స్ మీద గేటు నుంచి ఆయన మంచం దాకా అడుగులే. స్కూలుకి వెళ్ళేముందు రెండుసార్లు, వచ్చాక రెండుసార్లు తుడుస్తున్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. శ్రావణమాసం వస్తోంది, వ్రతానికి నలుగురూ వస్తారు, ఇల్లంతా కుక్క వాసన. పూజగది గుమ్మం దాకా కూడా వచ్చేస్తోంది. మావారితో చెబితే, "నాన్నతో నువ్వే చెప్పు, నేను నోరు తెరిస్తే గొడవే" అంటారు. చేను చేపల చెరువుకి లీజుకిచ్చిన దగ్గర్నుంచి, నాలుగేళ్ళుగా వాళ్ళిద్దరికీ సరిగ్గా మాటల్లేవు. ఏం వాడితే ఈ బురద, వాసన పోతాయి? కుక్కని తిరిగి ఊళ్ళో వదిలేద్దామని మావయ్యగారి మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి?
– ఒక సోదరి

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కుక్క కనిపించింది. రెండోసారి చదివితే, చివర్లో మీరు గబగబా రాసేసిన రెండు వాక్యాలు కనిపించాయి. నాలుగేళ్ళుగా ఒక తండ్రీ కొడుకూ మాట్లాడుకోవడం లేదు. ఆ ఇద్దరి మధ్యా మాటలు చేరవేస్తున్నది మీరు. అదేదో ఇంట్లో మామూలు సంగతే అన్నట్టు రాశారు. మీ మోకాళ్ళు పట్టేయడానికి నాలుగుసార్లు తుడవడం ఒక్కటే కారణమని నేననుకోను.

ముందు మీ రెండో ప్రశ్నకి జవాబు. కుక్కని ఊళ్ళో వదిలేద్దామని ఎలా చెప్పాలని అడిగారు. చెప్పకండి. ఆ ఇల్లు తాళం వేసుంది. ఎనిమిదేళ్ళ కుక్క, ఏడాదిగా మీ ఇంట్లో ఉంటోంది. ఈపాటికి దాని వీధిని వేరే కుక్కలు పంచుకుని ఉంటాయి. ఇప్పుడు తీసుకెళ్ళి దింపితే కరిచి తరుముతాయి, పిడికెడు అన్నం పెట్టేవాళ్ళు కూడా ఉండరు. పెంచిన జంతువుని ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. చట్టం సంగతి అలా ఉంచండి. అది మీ అత్తగారి చేతి అన్నం తిన్న ప్రాణి. ఆవిడ చేతుల మీదుగా పెరిగి, ఇంకా కదులుతూ తిరుగుతూ మీ మావగారి కళ్ళముందున్నది అదొక్కటే. దాన్ని పంపేసే మాట ఏ గొంతుతో చెప్పినా ఆయన మనసు నొచ్చుకుంటుంది. నొప్పించకుండా చెప్పే పద్ధతి నా దగ్గర లేదు.

ఇక బురద. మీ డెల్టా నేల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తడిగా ఉన్నప్పుడు జిగురు, ఎండితే పెళ్ళలు. తడి మీద తడిగుడ్డ వేస్తే ఆ జిగురు హాలంతా పులుముకుంటుంది. మీరు నాలుగుసార్లు తుడవాల్సి రావడానికి సగం కారణం అదే. కుక్క రాగానే దాన్ని గేటు లోపల, ర్యాంప్ మీదే ఒక అరగంట కట్టేయండి. ఊరకుక్కకి జుట్టు పొట్టిగా ఉంటుంది, తొందరగా ఆరుతుంది. ఆరిన మట్టిని కొబ్బరిపీచుతో రుద్దితే చాలావరకు అక్కడే రాలిపోతుంది. మిగిలింది ఒక బకెట్టు మామూలు నీళ్ళతో, కాళ్ళు ఒక్కొక్కటే ముంచి కడగాలి. తర్వాత వేళ్ళ సందులు పాత తువ్వాలుతో పొడిగా ఒత్తాలి. అక్కడ తడి ఉండిపోతే పుండ్లు పడతాయి, వాసన కూడా వస్తుంది. గుమ్మం ముందు మెత్తటి డోర్ మ్యాట్ తీసేసి గోనెపట్టా మడతపెట్టి వేయండి, బురదని అది పట్టినట్టు మరేదీ పట్టదు. రోజూ స్నానం వద్దు, మనుషుల షాంపూ అసలే వద్దు, చర్మం పాడవుతుంది. వాసన చాలావరకు కుక్క ఒంటిది కాదు, అది పడుకునే గుడ్డది. ఆ గుడ్డలు రెండు పెట్టుకుని ఒకటి వాడుతుంటే ఒకటి ఉతికి ఆరేయండి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్యాన్ కిందైనా సరే. ఫినాయిల్ గుమ్మరించకండి. కుక్క ఆ నేల మీదే పడుకుని కాళ్ళు నాక్కుంటుంది. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ రసాయనాలు దాని కడుపులోకి వెళ్తే ప్రమాదం.

మీ గోదావరి వైపు పాత ఇళ్ళు చూశారు కదా. వీధి అరుగు, ఆ తర్వాత వసారా, పక్కన కాళ్ళు కడుక్కోవడానికి గోలెం, చెంబు. చేలోంచి వచ్చిన మనిషైనా, పశువైనా, కుక్కైనా బురద అక్కడే దిగబెట్టి లోపలికి వచ్చేది. ఇప్పుడు గేటు తీస్తే కారు, కారు దాటితే తెల్లటి హాలు. ఆగి కాళ్ళు కడుక్కునే చోటు లేకుండా ఇల్లు కట్టుకుని, వచ్చిన ప్రతి అడుగుకీ ఆ ఇంటి ఆడది వంగి తుడవాల్సి వస్తోంది. కాబట్టి ఆ ర్యాంప్ మీద ఒక కుళాయి పెట్టించండి. మీ ఇంటికి అన్నిటికంటే ముందు కావాల్సిన రిపేరు అది.

పూజగది గురించి ఒక్క మాట. గుమ్మం లోపలికి రానివ్వకండి, మీ మడి మీది, నేను కాదనను. కానీ గుమ్మం దాకా వచ్చిందని దిగులుపడకండి. దత్తక్షేత్రం పిఠాపురం మీ గోదావరి వైపే ఉంది. దత్తాత్రేయుడి పటంలో స్వామి కాళ్ళ దగ్గర ఉన్నవేమిటో చూసే ఉంటారు. నాలుగు కుక్కలు.

ఇప్పుడు అసలు సంగతి. పైన చెప్పిన పనులన్నీ ఎవరు చెయ్యాలి? ర్యాంప్ మీద కట్టడం, పీచుతో రుద్దడం, కాళ్ళు కడగడం, కుళాయి పెట్టించడం. ఇవన్నీ చదువుతూ మీరు మనసులో మీ రోజులోకే సర్దుకుంటూ ఉండుంటారు. ఐదున్నరకి లేచేది ఐదుకి లేద్దాం అని. వద్దమ్మా. ఆ కుక్క మీ మావగారిది. ఆ మావగారు మీ భర్తకి తండ్రి. అరగంట కట్టేసి మట్టి రాల్చడం మావగారు చెయ్యగలరు, పొలం చేసిన చేతులకి అది పెద్ద పని కాదు. వంగి కాళ్ళు కడగడం కొడుకు చెయ్యాలి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేస్తే పావుగంట పని. అలా కూర్చోవడం ఇష్టం లేకే మీవారు ఆ పనంతా మీకు అప్పగించారు.

"నేను నోరు తెరిస్తే గొడవే" అన్నారట. ఈ మాట నాకు చాలా కోపం తెప్పించింది, దాచుకోను. తన తండ్రితో గొడవ వస్తుందని ఆయనకి భయం. మరి పరాయి ఇంటి నుంచి వచ్చిన కోడలు వెళ్ళి ఆ ముసలాయనతో "మీ కుక్కని పంపేద్దాం" అంటే ఏమవుతుంది? చెడ్డది మీరవుతారు. కొడుకు మంచివాడుగానే మిగిలిపోతాడు. రేపు చుట్టాల్లో "కోడలు కుక్కని కూడా ఉండనివ్వలేదు" అనే అంటారు. "కొడుకు పలకరించలేదు" అని ఒక్కరూ అనరు. మన ఇళ్ళల్లో ఎప్పుడూ ఇలాగే జరుగుతోంది. పెద్దవాళ్ళని చూసుకోవడం కోడలి బాధ్యత అని చెప్పుకుంటాం. కన్నకొడుకుకి బాధ్యత లేదా? మందుబిళ్ళలకి డబ్బులిస్తే తీరిపోతుందా?

చేను సంగతిలో ఎవరిది తప్పో నేను చెప్పను. వరి మీద మిగిలేదేమిటో, చెరువు లీజు మీద వచ్చేదేమిటో మీ ప్రాంతంలో అందరికీ తెలుసు. మీవారి లెక్క తప్పని అనలేను. కానీ సార్వా, దాళ్వా రెండు పంటలూ తీసిన నేలని తవ్వి, ఆ మట్టినే చుట్టూ గట్లుగా పోస్తుంటే చూసిన రైతు కడుపు ఎలా ఉంటుందో కూడా ఆలోచించండి. ఒకసారి తవ్వాక దాన్ని మళ్ళీ వరిచేను చెయ్యడం తేలిక కాదని ఆయనకి తెలుసు. తర్వాత భార్య పోయింది. తర్వాత ఊరు పోయింది. జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలి, నారుమళ్ళు మొదలయ్యే రోజుల్లో ఆయన తెల్లారగట్ల కాలవగట్టుకే ఎందుకు వెళ్తున్నారో నాకైతే అర్థమవుతోంది. వేరే దారిలో నడవమని మాత్రం ఆయనకి చెప్పకండి.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా నాన్నకీ మా అన్నయ్యకీ ఆరేళ్ళు మాటల్లేవు. కారణం ఇప్పుడు తలుచుకుంటే చాలా చిన్నది. ఆ ఆరేళ్ళూ అమ్మే మాటలు మోసింది. "వాడు అన్నం తిన్నాడేమో కనుక్కో" అని ఈ గదిలో, "నాన్నకి బీపీ మాత్రలు అయిపోయాయేమో అడుగు" అని ఆ గదిలో. ఎదురెదురు గదులు, మధ్యలో అమ్మ. ఆవిడ పోయిన రోజున వాళ్ళిద్దరూ వాకిట్లో నిలబడి, బ్రాహ్మణుడికి ఎవరు కబురు చెయ్యాలో ఒకరినొకరు అడగలేక నా మొహంలోకి చూశారు. అమ్మ తర్వాత ఆ మోత నాకు అప్పగించబోతున్నారని అర్థమైంది. నేను మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను. బావి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. లోపలికి వచ్చేసరికి అన్నయ్య నాన్న పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. నేను ఉండిపోతే అది జరిగేది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

అందుకే మీరు చెయ్యవలసింది, తుడుపు కంటే ముందు, ఆ మధ్యలోంచి లేవడం. మీవారికి ఒక రాత్రి, పిల్లలు పడుకున్నాక, కోపం లేకుండా చెప్పండి: "టైగర్ ఇక్కడే ఉంటుంది. దాని బురద సంగతి మీరూ మావయ్యగారూ మాట్లాడుకోండి. నేను రోజూ ఒక్కసారే తుడుస్తాను. మీ ఇద్దరి మాటలూ ఇక చేరవెయ్యను." అంతే, వివరణలు వద్దు. గొడవైతే అవనివ్వండి. నాలుగేళ్ళ మౌనం కంటే అరగంట అరుపు నయం.

మావగారి దగ్గర మర్యాద తప్పకండి. ఆయన "వాడితో చెప్పమ్మా" అన్నప్పుడల్లా, "మావయ్యగారూ, ఆయన ముందుగదిలోనే ఉన్నారండీ" అనండి. కాఫీ ఇవ్వండి, అన్నం వడ్డించండి, పలకరించండి. మాట మాత్రం చేరవెయ్యకండి. మొదటి వారం ఇల్లు బిగుసుకుపోతుంది. మీకే టెన్షన్‌గా ఉంటుంది, గబుక్కున అందుకుని చెప్పేయాలనిపిస్తుంది. అడుగులు కనిపిస్తే మాప్ అందుకోవాలనీ అనిపిస్తుంది. ఓర్చుకోండి. తెల్లటి టైల్స్ మీద మధ్యాహ్నం దాకా బురద అడుగులుంటే మీ ఇంటి పరువేమీ పోదు. అవి మీవారి కంట పడాలి.

ఇంకొకటి, దీన్ని వాయిదా వెయ్యకండి. టైగర్‌కి ఏటా రేబీస్ టీకా వేయిస్తున్నారో లేదో మీరు రాయలేదు. అది తప్పనిసరి. పిడుదులకి కూడా మందు అడగాలి. వానాకాలం బురదనీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కకీ రావచ్చు, పగిలిన పాదాలతో దిగే మనిషికీ రావచ్చు. దానికీ కుక్కలకి టీకా ఉంది. మావగారిని ఆ నీళ్ళలోకి వట్టికాళ్ళతో దిగొద్దని చెప్పాలి. ఆ మాట కూడా కొడుకే చెప్పాలి. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. 1885లో పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఆ టీకా వేసిన రోజు అది. ఆ రోజు మీరు మామూలుగా స్కూలుకి వెళ్ళిపోండి. సెలవు పెట్టకండి, ఆటో మాట్లాడకండి, ఫైలు సర్దకండి. సూది వేసేటప్పుడు కుక్కని ఒకరు తల దగ్గర, ఒకరు నడుం దగ్గర పట్టుకోవాలి, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. తండ్రీ కొడుకూ వెళ్ళాలి.

వ్రతానికి పదిరోజుల ముందు నాకు మళ్ళీ ఉత్తరం రాయండి. ఇల్లు ఎలా ఉందో తర్వాత, ముందు టైగర్‌ని తల దగ్గర ఎవరు పట్టుకున్నారో, నడుం దగ్గర ఎవరు పట్టుకున్నారో రాయండి.